తాతయ్యను ఉన్నది ఉన్నట్టుగా తిరిగి ఇచ్చిన ఫోటో స్టూడియో

మా తాతయ్య 2024 జులైలో, 81 ఏళ్ల వయసులో కాలం చేశారు. ఆయన 1962లో సైన్యంలో చేరి, సైన్యపు ఇంజినీర్ దళాల్లో ఒకటైన, బెంగళూరులోని మద్రాసు ఇంజినీర్ గ్రూప్‌లో శిక్షణ పొంది, 15 ఏళ్లు పనిచేసి, 1977లో హవల్దారుగా పదవీ విరమణ పొంది ఇంటికి వచ్చారు. ఆ తరువాత చల్లపల్లికి దగ్గరలోని మా ఊళ్లో వ్యవసాయం చేసుకుంటూ, ఊరివాళ్లకూ చుట్టుపక్కల మాజీ సైనికుల కుటుంబాలకూ చేతనైన సాయం చేస్తూ, నలుగురు పిల్లలకూ పదకొండుమంది మనవలకూ పెద్దదిక్కుగా 47 ఏళ్లు బతికారు. ఆయన మొదటి సంవత్సరీకానికి విజయవాడ గవర్నర్‌పేటలోని ఈ ఫోటో స్టూడియోలో మేం మూడు పనులు చేయించుకున్నాం. వరద నీటిలో నానిపోయిన పాత ఫోటోను బాగుచేయించాం, ఆయన పతకాలకు పటం కట్టించాం, 48 పేజీల స్మృతి సంచికను 150 ప్రతులు అచ్చు వేయించాం. 2025 ఏప్రిల్ రెండో వారంలో పని అప్పగిస్తే జులై మొదటి వారానికి అన్నీ మా చేతికి వచ్చాయి. మాలాగే పోయినవాళ్ల జ్ఞాపకాలను పదిలం చేసుకోవాలనుకునే కుటుంబాలకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

ఈ స్టూడియో పని నాకు ఎందుకు అంత నచ్చిందో చెప్పాలంటే, దానికి ముందు మాకు ఎదురైన అనుభవం చెప్పాలి. తాతయ్య పెద్దకర్మకు మూడు రోజుల వ్యవధి మాత్రమే ఉండటంతో, వేరే ఊళ్లోని ఒక డిజిటల్ దుకాణంలో ఫ్లెక్సీ చేయించాం. ఆయన ఆధార్ కార్డు కోసం తీయించుకున్న ఫోటోలోంచి ముఖం కత్తిరించి, దాన్ని ఎవరో అధికారి యూనిఫారం మీద అతికించి, భుజాల మీద నక్షత్రాలు, ఛాతీ మీద రెండు వరుసల రిబ్బన్లు పెట్టి, వెనుక యుద్ధ విమానాలు ఎగురుతున్నట్టు తయారుచేసి ఇచ్చారు. గౌరవంగా ఉంటుందనే ఉద్దేశంతోనే వాళ్లు అలా చేసి ఉంటారు. కానీ పందిట్లో కట్టిన ఆ ఫ్లెక్సీని చూసి మా నాయనమ్మ, "ఈ బట్టలు ఎవరివి?" అని అడిగినప్పుడు మా ఇంట్లో ఎవరికీ నోట మాట రాలేదు. బ్యాంకులో గుమాస్తా మర్యాదకు "కెప్టెన్ గారూ" అని పిలిస్తే, "కాదండీ, హవల్దారుని" అని అప్పటికప్పుడు సరిదిద్దే మనిషి ఆయన. తనది కాని నక్షత్రం భుజం మీద పెట్టుకుని, తన పెద్దకర్మ రోజున తన ఇంటి ముందు నిలబడవలసి వచ్చింది. భోజనాలు కాకముందే మా నాన్న దాన్ని విప్పించి చుట్టి పక్కన పెట్టేశారు.

ఆయన అసలు రూపం ఉన్న ఫోటో ఒకటి మా దగ్గర లేకపోలేదు. 1972లో బెంగళూరులో ఒక స్టూడియోలో తీయించుకున్న నలుపు తెలుపు ఫోటో అది. తాతయ్య యూనిఫారంలో నిలబడి ఉంటే, పక్కన కుర్చీలో నాయనమ్మ, ఆమె ఒడిలో ఆరు నెలల మా నాన్న ఉంటారు. పెద్దకర్మ అయిన తరువాత మా పెద్దత్త, తండ్రి గుర్తుగా కొంతకాలం తన దగ్గర ఉంచుకుంటానని దాన్ని విజయవాడ సింగ్‌నగర్‌లోని తన ఇంటికి తీసుకువెళ్లింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు వాళ్లు కట్టుబట్టలతో మేడ మీదికి ఎక్కారు, ఫోటో కింది ఇంట్లో గోడకే ఉండిపోయింది. రోజుల తరబడి నిలిచిన నీళ్లు తీశాక చూస్తే పటం వెనుక అట్ట ఉబ్బి ఊడిపోయింది, ఫోటో కాగితం ముందువైపు అద్దానికి అంటుకుపోయింది, ఒక మూల నల్లగా బూజు పట్టింది. పెద్దత్త తన ఇంటి సామాన్లు పోయినందుకు ఏడవలేదు కానీ, ఆ పటం పట్టుకుని నెలల తరబడి ఏడ్చింది. చూపించిన రెండు మూడు చోట్ల అద్దం నుంచి ఊడదీసి ఇస్తే చూస్తామన్నారు, మాకు ధైర్యం చాలలేదు.

ఈ స్టూడియో యజమాని ఆ పటాన్ని చేతిలోకి తీసుకోగానే చెప్పిన మొదటి మాట, అద్దం నుంచి ఫోటోను విడదీయకూడదని. పాత ఫోటో కాగితం మీద బొమ్మను పట్టి ఉంచేది జెలటిన్ పొర అనీ, తడిసి మెత్తబడిన ఆ పొర అద్దానికి పట్టుకుని ఆరిపోయింది కాబట్టి లాగితే ముఖాలు అద్దంతో పాటు ఊడి వస్తాయనీ, అద్దాన్ని కూడా ఫోటోలో భాగంగానే చూసుకోవాలనీ ఓపికగా వివరించారు. వాళ్లు పటాన్ని బల్ల మీద పడుకోబెట్టి, రెండు వైపుల నుంచి ఏటవాలుగా దీపాలు పెట్టి, అద్దం మెరుపు పడకుండా కెమెరాకు ఫిల్టర్ బిగించి, అద్దంలోంచే ఫోటో తీశారు. నల్లని భాగాల మీద వెండిలా తేలిన మెరుపును కూడా ఆ దీపాల కోణం మార్చి చాలావరకు తగ్గించారు. బాగుచేసే పనంతా ఆ నకలు మీదే జరిగింది. అసలు ఫోటోను అద్దంతో సహా, తేమ పీల్చే పొట్లాలు వేసిన చదునైన పెట్టెలో పెట్టి, బీరువాలో ఎక్కడ ఉంచుకోవాలో చెప్పి తిరిగి ఇచ్చారు.

కంప్యూటర్ మీద మరమ్మతు చేసేది యజమాని కూతురు. పని మొదలుపెట్టిన పది రోజులకు ఆ అమ్మాయి ఫోన్ చేసి ఒక ప్రశ్న అడిగింది. తాతయ్య ఎడమ కనుబొమను రెండుగా చీలుస్తూ ఒక సన్నని తెల్లని గీత ఉందనీ, అది ఫోటో మీద పడిన గీరా, లేక ఆయన ముఖం మీది మచ్చా అనీ. నాకు తెలిసి తాతయ్య కనుబొమ పండిపోయి ఒత్తుగా ఉండేది, మచ్చ చూసిన గుర్తు లేదు. మా నాన్నకూ గట్టిగా చెప్పడం రాలేదు. తెలియకపోతే ఏం చేస్తారని అడిగాను. "తెలిసేదాకా ముట్టుకోనక్కా. గీర అనుకుని మచ్చ చెరిపేస్తే మళ్లీ ఆయన మనిషి కారు కదా" అంది.

దాంతో నాయనమ్మను ఆటోలో తీసుకువెళ్లాను. స్టూడియో మొదటి అంతస్తులో ఉంది, మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులతో ఆమె ఎక్కలేదు. విషయం తెలిసి ఆ అమ్మాయే పెద్ద సైజులో తీసిన ప్రింటు, భూతద్దం పట్టుకుని కిందికి దిగి వచ్చింది. మిట్టమధ్యాహ్నం, సందులో బండ్ల హారన్ల మధ్య, నాయనమ్మ ఆటోలో కూర్చునే ఆ ప్రింటును ఒళ్లో పెట్టుకుని భూతద్దంలోంచి చాలాసేపు చూసింది. తరువాత వేలితో ఆ గీతను తాకి, "ఇది ఎద్దు కొమ్ము తగిలింది. పన్నెండో ఏట. మిలటరీలో తగిలిందా అని అందరూ అడిగేవాళ్లు, కాదు ఎద్దు పొడిచింది అని చెప్పేవారు" అంది. వయసు పెరిగి కనుబొమ ఒత్తయ్యాక ఆ మచ్చ కమ్ముకుపోయిందట. పదకొండుమంది మనవల్లో ఒక్కరికీ తెలియని సంగతి, ఒక ఫోటో మరమ్మతు చేసే అమ్మాయి అడగడం వల్ల మాకు తెలిసింది. మచ్చ ఇప్పుడు ఫోటోలో ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది.

అలాగే బూజు తినేసిన మూలలో మా నాన్న ఎడమ చెయ్యి పూర్తిగా పోయింది. నాయనమ్మ చీర అంచు మిగిలిన చోట్ల స్పష్టంగా ఉంది కాబట్టి దాన్ని చూసి పోయిన అంచును పూరించగలమనీ, కానీ పసివాడి చెయ్యికి ఆధారం ఏమీ లేదు కాబట్టి గీస్తే అది తాము గీసిన చెయ్యే అవుతుందనీ యజమాని ముందుగానే చెప్పారు. మేం వద్దన్నాం. ఆ చోటు లేత బూడిద రంగులో కలిసిపోయేలా వదిలేశారు. ప్రింటు వెనుక ఏ భాగాలు పూరించారో పెన్సిలుతో రాసి, తేదీ వేసి ఇచ్చారు. రేపు మా పిల్లలు ఈ ఫోటో చూసినప్పుడు ఏది 1972 నాటిదో, ఏది 2025 నాటిదో వాళ్లకు తెలుస్తుంది. రంగులు వేయమని మా తమ్ముడు అడిగితే, కావాలంటే వేరే ప్రతిగా వేసి ఇస్తామన్నారు కానీ అది వద్దనే సలహా ఇచ్చారు, మేం ఆ సలహా పాటించాం.

ఇక పతకాల పని. తాతయ్య వాటిని ఒక చిన్న రేకు పెట్టెలో పెట్టి, పెట్టె చుట్టూ పురికొస చుట్టి ముడివేసి ఉంచారు. ఆయన పోయాక మేం ఎవరం దాన్ని విప్పలేదు. పెట్టె బల్ల మీద పెడితే యజమాని కత్తెర తీయబోయి, ముడిని చూసి ఆగిపోయారు. "ఇది ఆయన చేత్తో వేసిందేనా?" అని అడిగారు. అవునన్నాను. "అయితే నేను కొయ్యనమ్మా, మీ నాన్నగారిని తీసుకురండి" అన్నారు. మర్నాడు నాన్న వచ్చి, ఆ ముడిని ఒక్క కొస పట్టుకుని లాగి క్షణంలో విప్పారు. గేదె పలుపును గుంజకు కట్టినా, ధాన్యం బస్తా మూతి బిగించినా, దోమతెర తాడు మేకుకు తగిలించినా తాతయ్య వేసేది ఆ ముడే. ఎంత బరువు పడినా జారదు, ఒక కొస లాగితే వచ్చేస్తుంది. మనవలందరికీ ఆయన నేర్పిన మొదటి విద్య అదే. విప్పకముందే యజమాని దాన్ని దగ్గరగా ఫోటో తీసి ఉంచారని మాకు తరువాత తెలిసింది, ఆ ఫోటో స్మృతి సంచిక లోపలి అట్ట మీద అచ్చయింది.

పెట్టెలో ఐదు పతకాలు ఉన్నాయి. 1971 యుద్ధంలో పశ్చిమ సరిహద్దున పనిచేసినవారికి ఇచ్చిన, కంచు నక్షత్రంలా ఉండే పశ్చిమీ స్టార్, 1965 నాటి రక్షా మెడల్, 1971 నాటి సంగ్రామ్ మెడల్, 1972 ఆగస్టు 15 నాటికి సైన్యంలో ఉన్నవారికి ఇచ్చిన 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ పతకం, తొమ్మిదేళ్ల దీర్ఘసేవా పతకం. పటంలో వీటిని ఏ వరుసలో పెట్టాలన్నది నియమం ప్రకారం ఉంటుందనీ, అందం చూసుకుని మార్చకూడదనీ మాకు తెలియదు. యజమానికీ వరుస పూర్తిగా తెలియకపోతే ఊహించి పెట్టలేదు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి స్వయంగా వెళ్లి కనుక్కుని వచ్చారు. నేను పైన రాసిన వరుసే సరైన వరుస, చూసేవారికి ఎడమ నుంచి కుడికి.

మా బాబాయి చింతపండు పెట్టి తోమితే తళతళలాడుతాయని అన్నారు. ఇత్తడి సామాను తోమినట్టు తోమడం మన ఇళ్లలో మామూలే కాబట్టి నాకూ తప్పనిపించలేదు. యజమాని మాత్రం ఒక పతకాన్ని అంచు మీద నిలబెట్టి, భూతద్దం ఇచ్చి చదవమన్నారు. మన దేశపు సైనిక పతకాల అంచు మీద, ఎవరికి ఇచ్చారో ఆ సైనికుడి నంబరు, హోదా, పేరు సన్నని అక్షరాలతో చెక్కి ఉంటాయి. ఇన్నేళ్లుగా ఆ పతకాలను పండగలకూ జెండా రోజులకూ చూస్తూ వచ్చినా మేం ఎన్నడూ గమనించలేదు. తోమితే ముందుగా అరిగేది ఆ అక్షరాలే అని ఆయన చెప్పారు. ఆయన చూపిన మరో విశేషం, రక్షా మెడల్ అంచు మీద సాపర్ (ఇంజినీర్ దళంలో మామూలు సైనికుడు) అనీ, సంగ్రామ్ మెడల్ అంచు మీద లాన్స్ నాయక్ (దాని పై హోదా) అనీ ఉండటం. ఇరవై రెండేళ్ల కుర్రవాడు ఇరవై ఎనిమిదేళ్ల వాడయ్యేసరికి ఒక మెట్టు పైకెక్కాడన్న సంగతి ఆ రెండు లోహపు బిళ్లల అంచుల మీద మాకు కనబడింది. పటం కింద రాయవలసిన పేరులో ఏ హోదా వేయాలని ఆయన అడిగితే, ఒక్కో పతకం కింద దాని అంచున ఉన్న హోదానే వేయించాం, చివర హవల్దారు అని పేరు ముందు వేయించాం.

మెత్తని గుడ్డతో దుమ్ము తుడవడం తప్ప వాళ్లు పతకాలకు ఏ మెరుగూ పెట్టలేదు. వెలిసిన పాత రిబ్బన్లనే ఉంచారు. జిగురు ఎక్కడా వాడకుండా, రిబ్బన్లను వెనుక గుడ్డకు దారంతో కుట్టారు. కావలసినప్పుడు పతకాలను బయటికి తీయగలిగేలా పటానికి వెనుక తలుపు పెట్టారు. అద్దానికీ పతకాలకూ మధ్య వేలెడంత ఖాళీ ఉంది. వెనుక గుడ్డ రంగు మాత్రం నా అభిప్రాయంలో కొంచెం ముదురుగా ఉంది, సాయంత్రం దీపం వెలుగులో కంచు నక్షత్రం అందులో కలిసిపోతుంది. రంగు ఎంచుకున్నది మేమే కాబట్టి ఇది వాళ్ల లోపం కాదు, పటం కట్టించేవాళ్లు గుడ్డ ముక్కను ఇంటికి తెచ్చి రాత్రి వెలుగులో చూసి నిర్ణయించుకోవడం మంచిది.

స్మృతి సంచికకు రాత నేనే రాశాను, దిద్దింది స్టూడియోలో సాయంత్రాలు పనిచేసే ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు. అచ్చుతప్పులు చూసి ఇచ్చేస్తారని అనుకున్నాను. ఆయన నా రాతప్రతిని చదివి, మొదటి పేజీలోనే "1971 యుద్ధంలో శత్రువు ట్యాంకులను ధ్వంసం చేసిన వీరుడు" అన్న వాక్యం కింద గీత గీసి, "సాపర్లు ట్యాంకులను ధ్వంసం చేశారా అమ్మా, ట్యాంకులకు దారి చేశారా?" అని అడిగారు. నేను నాన్నను అడిగాను. తాతయ్య మాతో యుద్ధం మాట ఎత్తేవారు కాదు, నాన్నతో ఒకటి రెండుసార్లు చెప్పారట. 1971 డిసెంబరు 15 రాత్రి పాకిస్తాన్‌లోని షకర్‌గఢ్ ప్రాంతంలో బసంతర్ నది దగ్గర, మద్రాసు సాపర్లకు, అంటే మద్రాసు ఇంజినీర్ గ్రూప్‌కు, చెందిన 9వ ఇంజినీర్ రెజిమెంట్ మందుపాతరల మధ్య ట్యాంకులకు దారి తీసే పనిలో ఉంది. ఆ రెజిమెంట్‌లోనే తాతయ్య ఉన్నారు. దారి పూర్తికాకముందే శత్రువు ట్యాంకుల కదలిక కనబడటంతో, పూనా హార్స్ అనే మన ట్యాంకు రెజిమెంట్ ట్యాంకులు మిగిలిన మందుపాతరల మీదుగానే ముందుకు సాగాయి. 21 ఏళ్ల సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ ప్రాణాలు అర్పించి పరమవీర చక్ర పొందింది ఆ మర్నాడు, అదే యుద్ధంలో. ఆ రాత్రి తాతయ్య చేసిన పని, బోర్లా పడుకుని నేలను తడుముతూ, దొరికిన మందుపాతరను తీసి పక్కన పెడుతూ, వెనుకవాళ్లకు గుర్తుగా తెల్లని పట్టీ పరుస్తూ ముందుకు పోవడం. మాస్టారు గీత గీయకపోతే నేను ఆయన చేయని పనిని ఆయనకు అంటగట్టి, చేసిన పనిని రాయకుండా వదిలేసి ఉండేదాన్ని.

దివిసీమ ఉప్పెన గురించి రాసిన పేజీ దగ్గర కూడా ఇదే జరిగింది. తాతయ్య ఇంటికి వచ్చిన అయిదు నెలలకే, 1977 నవంబరు 19న, సముద్రం దివి తాలూకా మీదికి వచ్చింది. నాగాయలంక, కోడూరు, సొర్లగొంది, హంసలదీవి పేర్లు విన్న ప్రతి కృష్ణా జిల్లా కుటుంబానికీ ఆ రాత్రి గుర్తుంటుంది. నేను నా రాతప్రతిలో "వందలాది ప్రాణాలను కాపాడారు" అని రాశాను. ఎవరు చెప్పారని మాస్టారు అడిగారు. ఎవరూ చెప్పలేదు, ఊరికే రాశాను. అప్పుడు మా ఊళ్లో, తాతయ్యతో కలిసి వెళ్లినవారిలో ఇంకా ఉన్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లి అడిగాను. వాళ్లు వెళ్లేసరికి కాపాడటానికి ఎవరూ మిగల్లేదని ఆయన చెప్పారు. పద్నాలుగుమంది తాళ్లు, పారలు, గునపాలు తీసుకుని నడిచి వెళ్లారు. ఇరవై మూడు రోజులు అక్కడే ఉండి శవాలకు దహనం చేశారు, దారికి అడ్డం పడిన చెట్లు తొలగించారు, తెగిన కాలవ మీద తాటి మొద్దులు కట్టి నడిచే వంతెన వేశారు, ఉప్పునీరు నిండిన బావులను తోడి తోడి మళ్లీ మంచినీరు ఊరేదాకా పనిచేశారు. తాటి మొద్దులను కట్టిన ముడి ఏదో నేను అడగకుండానే ఆ పెద్దాయన తువ్వాలు కొసతో వేసి చూపించారు. సంచికలో ఇప్పుడు ఆ పద్నాలుగుమంది, ఆ ఇరవై మూడు రోజులు, ఆ బావులు ఉన్నాయి.

తరువాతి ఏళ్లలో ఆయన చేసిన సేవ కాగితాల సేవ. మా చుట్టుపక్కల ఊళ్ల మాజీ సైనికుల భార్యలు, ముఖ్యంగా చదువు రాని వితంతువులు, పింఛను కాగితాల కోసం ఆయన దగ్గరికే వచ్చేవారు. ఏటా నవంబరులో బతికే ఉన్నామని బ్యాంకుకు చూపించవలసిన ధ్రువపత్రం కోసం వాళ్లను ఆటోలో ఎక్కించుకుని వెళ్లేవారు. వేలిముద్రతో ఇచ్చే పద్ధతి వచ్చాక, అరిగిన వేళ్ల ముద్రలు పడక వాళ్లు వెనక్కి వస్తుంటే, మళ్లీ మళ్లీ తీసుకువెళ్లేవారు. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవానికి హైస్కూల్లో చిన్న జెండాలు పంచి విరాళాలు వసూలు చేసి, ఒక్క రూపాయి తేడా రాకుండా లెక్క కట్టి పంపేవారు. ఆయన చేతిసంచిలో ఎప్పుడూ ఉండే కార్బన్ కాగితాలు, స్టాంపు ప్యాడ్, పురికొస ఉండను స్టూడియోవాళ్లు బల్ల మీద పరిచి తీసిన ఫోటో ఆ పేజీకి పెట్టారు.

సంచికలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీలు రెండు, ఆ ఆలోచన యజమాని కూతురిదే. తాతయ్య ప్రతి సంక్రాంతికీ ఒక నోటు పుస్తకంలో ఇంటి హాజరు రాసేవారు. 1983 నుంచి ఉంది. ఎవరు వచ్చారు, ఏ బస్సుకు దిగారు, ఎవరు ఎందుకు రాలేదు, అన్నీ ఉంటాయి. రానివారి పేరు ఎదురుగా "సెలవు దొరకలేదు", "పరీక్షలు", "జ్వరం" అని, ఆ ఏడు పుట్టినవారి పేరు ఎదురుగా "కొత్త చేరిక" అని రాసి ఉంటుంది. మొదటి పేరు ఎప్పుడూ నాయనమ్మదే. రాత్రి వీధి తలుపు గడియ వేసే ముందు ఆ పుస్తకం పట్టుకుని, పడుకున్న పిల్లల మధ్య టార్చిలైటుతో లెక్క చూసుకుంటూ నడిచేవారు. నేను ఆ పుస్తకంలోని విషయాలను అచ్చు అక్షరాల్లో వేద్దామనుకుంటే, ఆ అమ్మాయి ఆయన చేతిరాతనే యథాతథంగా వేయమంది. అందువల్ల 1983 సంక్రాంతి పేజీ ఎడమవైపు, 2024 సంక్రాంతి పేజీ కుడివైపు ఎదురెదురుగా వచ్చాయి. ఎడమవైపు తొమ్మిది పేర్లు, నిటారైన అక్షరాలు. కుడివైపు ఇరవై ఏడు పేర్లు, వణికిన అక్షరాలు, చివర "అందరూ వచ్చారు" అన్న మాట.

లోపాలు కూడా చెప్పాలి. సంచిక మొదటి విడత అచ్చయి వచ్చాక చూస్తే ఒక ఫోటో కింద మద్రాసు ఇంజినీర్ గ్రూప్ అని ఉండవలసిన చోట మద్రాసు రెజిమెంట్ అని పడింది. ఈ రెండూ వేరు. మద్రాసు రెజిమెంట్ పదాతి దళం, దాని కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది. మద్రాసు ఇంజినీర్ గ్రూప్ కేంద్రం బెంగళూరులో ఉంది, దాని చరిత్ర 1780 దాకా వెళుతుంది. ప్రూఫుల్లో సరిగానే ఉన్నా, పేజీలు కట్టేటప్పుడు ఎవరో మార్చారు. మామూలు పాఠకులకు తేడా తెలియకపోవచ్చు, కానీ తాతయ్య మిత్రుల్లో ఒక్కరు చూసినా బాధపడతారు. నేను ఫోన్ చేయగానే యజమాని వాదించలేదు, పైన చీటీ అంటిస్తానని కూడా అనలేదు, ఆ పదహారు పేజీల ఫారం మొత్తం తన ఖర్చుతో మళ్లీ అచ్చు వేయించి ఇచ్చారు. నాలుగు రోజులు ఆలస్యమైంది, సంవత్సరీకానికి మూడు రోజుల ముందు మాత్రమే ప్రతులు చేతికి వచ్చాయి, ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో అందరం ఆందోళన పడ్డాం. తేదీ దగ్గరపడిన పని ఉన్నవాళ్లు కనీసం మూడు నెలలు ముందుగా ఇవ్వాలి. పని మధ్యలో ఉన్నప్పుడు వాళ్లు ఫోన్ ఎత్తరు, సాయంత్రం ఆరు తరువాత వెళితేనే మాట్లాడటానికి తీరిక ఉంటుంది. సందులో బండి నిలిపే చోటు లేదు. మెట్ల సంగతి పైన చెప్పాను.

ఫోటో మరమ్మతుకు, రెండు పెద్ద ప్రింట్లతో కలిపి, 2,800 రూపాయలు, పతకాల పటానికి 6,500 రూపాయలు, సంచికకు ప్రతికి 62 రూపాయల చొప్పున 9,300 రూపాయలు, మొత్తం 18,600 రూపాయలు అయింది. సగం ముందుగా ఇచ్చాం. పతకాల పటం ఇంకా తక్కువకు చేసేవాళ్లు ఉన్నారు, కానీ దారంతో కుట్టి, వెనుక తలుపు పెట్టి, వరుస కోసం ఆఫీసుకు వెళ్లి కనుక్కుని వచ్చేవాళ్లు మాకు కనబడలేదు. విడిగా పతకాల కోసం వచ్చిన ఖర్చు రసీదులో రాశారే తప్ప, ఆఫీసుకు తిరిగినందుకు గానీ, నాయనమ్మకు చూపించడానికి అదనంగా తీసిన ప్రింటుకు గానీ ఒక్క రూపాయి వేయలేదు.

పటాలు గోడకు తగిలించడానికి యజమాని స్వయంగా మా ఇంటికి వచ్చారు. మధ్యాహ్నపు ఎండ ఎటు పడుతుందో అడిగి, కిటికీ ఎదురు గోడ వద్దని, పక్క గోడకు మేకులు కొట్టించారు. సంవత్సరీకం రోజున వచ్చినవాళ్లంతా ఫోటో ముందు నిలబడి చూశారు. పెద్దత్త ఫోటో దగ్గరికి వెళ్లి, చీర కొంగుతో అద్దం తుడిచి, చాలాసేపు అక్కడే నిలబడింది. నాయనమ్మ మంచం మీద నుంచే చూస్తూ, పక్కన కూర్చున్న మనవడికి ఎద్దు పొడిచిన కథ చెప్పడం మొదలుపెట్టింది. ఆ ఎద్దు పేరు, అది ఎవరి ఎద్దో, దెబ్బ తగిలిన రోజు వాళ్ల అమ్మ ఏం కట్టు కట్టిందో, ఇవన్నీ ఆమెకు తెలుసని మాకు ఆ రోజే తెలిసింది. మా బాబాయిలిద్దరికీ పెద్దత్తకూ ఒక్కొక్కటి కావాలని ఆ సాయంత్రమే అడిగారు. అదే ఫోటో మరో మూడు ప్రింట్లకు ఈ వారం స్టూడియోలో చెప్పి వచ్చాను, పతాక దినోత్సవానికి ముందు ఇస్తామన్నారు.